పాత కట్టడాల ఎన్‌గ్రేవింగ్‌లు: మంచి నకలును ఎలా గుర్తించాలి?

గోడబొమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 18వ శతాబ్దపు ఇటలీ కళాకారుడు పిరనేసి రాగి పలకల మీద చెక్కిన రోమ్ నగర దృశ్యాలన్నా, ఆయన ఊహించి గీసిన కారాగారాల చిత్రాలన్నా నాకు చాలాకాలంగా ఇష్టం. చదువుకునే గదిలో ఒక గోడకు వాటిలో రెండు మూడు పెట్టుకోవాలని ఉంది. అసలు ప్రతులు కొనే ఉద్దేశం లేదు, మంచి నకళ్లు దొరికితే చాలు. అయితే అమ్మకానికి పెట్టిన వాటి వివరణలు చదివేకొద్దీ అయోమయమే పెరుగుతోంది. ఒకరు 'జిక్లే' అంటారు, ఇంకొకరు 'మ్యూజియం నాణ్యత' అంటారు, మరొకరు 'అసలు పలక నుంచే తీసినది' అంటారు. ఒకే చిత్రం పోస్టుకార్డంత పరిమాణంలోనూ తలుపంత పరిమాణంలోనూ కనిపిస్తుంది. కొన్నింటిలో కాగితం తెల్లగా మెరుస్తుంటే, కొన్నింటిలో టీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టు పసుపుపచ్చగా ఉంటుంది.

ఈ మధ్య ఒక పరిచయస్తుల ఇంట్లో ఇలాంటి నకలును చూశాను. గది అవతలి నుంచి చూస్తే నలుపు గంభీరంగానే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కమాను కింద నీడలో గీతలే లేవు, అంతా బూడిదరంగు మరకలా అలుక్కుపోయి ఉంది. డబ్బు పెట్టి అలాంటిది తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ముద్రణ పద్ధతి, పరిమాణం, కాగితం అనే ఈ మూడింటిలో దేనిని ముందు చూసుకోవాలో, చేతిలోకి తీసుకున్నాక మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అచ్చుగది

గోడబొమ్మ గారూ, చిత్రాలను అచ్చుకు సిద్ధం చేసే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా చెబుతున్నాను. మీరు అడిగిన మూడింటికంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది, అది స్కాన్. మీరు చూసిన బూడిద మరక చాలావరకు అక్కడే పుట్టి ఉంటుంది, దానిని ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రం మీద అచ్చు వేసినా ప్రయోజనం ఉండదు.

ఎన్‌గ్రేవింగ్‌లోనూ (పలకను ఉలితో చెక్కే పద్ధతి) ఎచింగ్‌లోనూ (ఆమ్లంతో గీతలు కొరికించే పద్ధతి) బూడిదరంగు అంటూ దాదాపుగా ఉండదు. సిరా పట్టిన గీత ఉంటుంది, సిరా పట్టని కాగితం ఉంటుంది. గీత లోతును, మందాన్ని, గీతకూ గీతకూ మధ్య ఎడాన్ని మారుస్తూ కళాకారుడు మన కంటికి నీడ అనే భ్రమను కల్పిస్తాడు. కాబట్టి గీత విడిగా నిలిచిందా లేదా అన్నదే ఇక్కడ నాణ్యతకు మొదటి కొలత. ఒక చిన్న లెక్క వేద్దాం. కారాగారాల వరుసలోని పలకలు ఇంచుమించు 55 సెంటీమీటర్ల పొడవు, 41 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. వాటిలోని ఒక సన్నని గీత మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకోండి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ 0.085 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే గీత మొత్తానికి ఒక్క పిక్సెల్ మాత్రమే దక్కుతుంది. ఆ గీత రెండు పిక్సెళ్ల మధ్య పడితే రెండూ చెరిసగం బూడిదరంగుకు తిరుగుతాయి. 600 పిక్సెళ్ల చొప్పున తీస్తే గీతకు రెండుకు పైగా పిక్సెళ్లు అందుతాయి, అప్పుడే అది గీతగా నిలుస్తుంది. ఆ లెక్కన పలక పొడవుకు సుమారు 13,000 పిక్సెళ్లు కావాలి. అలాంటిది 4,000 పిక్సెళ్ల ఫైలును దింపుకొని దానినే అసలు పరిమాణంలో అచ్చు వేస్తే ఒక్కో పిక్సెల్ 0.14 మిల్లీమీటర్లు అవుతుంది, గీతకంటే పిక్సెల్ లావు. అటువంటి ఫైలులో సన్నని గీత ఉండటానికి చోటే లేదు.

పరిమాణం సంగతి కూడా ఇక్కడి నుంచే తేలుతుంది. నా మట్టుకు నేను అసలు పలక పరిమాణం ఎంతో అంతకే అచ్చు వేయిస్తాను. 55 సెంటీమీటర్ల చిత్రాన్ని 20 సెంటీమీటర్లకు కుదిస్తే గీతల మధ్య 0.3 మిల్లీమీటర్లుగా ఉన్న తెల్లని సందు 0.11కు తగ్గిపోతుంది, కాగితం మీద సిరా కాస్త పాకగానే ఆ సందు మూసుకుపోతుంది. పిరనేసి నీడల్లో కూడా వెలుతురు ఆడుతున్నట్టు అనిపించడానికి కారణం ఆ తెల్లని సందులే. పెంచితే ఇంకో రకం నష్టం. చేతిలో పట్టుకొని చూడటానికి చెక్కిన గీత తాడంత లావై కూర్చుంటుంది, నీడ నీడగా కాక కంచెలా కనిపిస్తుంది. గోడ పెద్దదైతే చిత్రాన్ని పెంచకండి, ఇంకో చిత్రం చేర్చండి.

ఇక ముద్రణ పద్ధతి. 'జిక్లే' అనే పేరు 1990ల మొదట్లో వాడుకలోకి వచ్చింది, దాని అర్థం ఇంక్‌జెట్ ముద్రణ అని మాత్రమే. పేరును బట్టి నాణ్యతను ఊహించుకోవద్దు. రంగు సన్నని రేణువులుగా ఉండే పిగ్మెంట్ సిరాలు వాడారా, రంగు కరిగిపోయి ఉండే డై సిరాలు వాడారా అని మాత్రం తప్పకుండా అడగండి, ఎందుకంటే డై సిరా వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. నలుపుతో పాటు రెండు మూడు బూడిద సిరాలున్న యంత్రంలో నలుపు తెలుపు పద్ధతిలో అచ్చు వేస్తే గీత అంచు శుభ్రంగా వస్తుంది. రంగు సిరాలన్నీ కలిపి నలుపును తయారుచేస్తే పదిరెట్ల భూతద్దం కింద గీత పొడవునా నీలం, గులాబీ, పసుపు చుక్కలు చిమ్మినట్టు కనిపిస్తాయి.

పుస్తకాలు, పోస్టర్లు అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో సమస్య వేరు. ఛాయలను చిన్న చుక్కలుగా విడగొట్టే మామూలు హాఫ్‌టోన్ స్క్రీన్ తనదైన చుక్కల వరుసలతో వస్తుంది. చిత్రంలోని సమాంతర గీతలు ఆ వరుసలతో కలిసినప్పుడు కళాకారుడు ఎన్నడూ గీయని అలల పట్టీలు పుట్టుకొస్తాయి, దీనినే మోయిరే అంటాం. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర తర్వాత పారిస్‌లో 1809 నుంచి వెలువడిన 'దెస్క్రిప్స్యోఁ ద లెజిప్త్' (ఈజిప్టు వర్ణన) సంపుటాల పలకల్లో ఇది మరీ ఎక్కువ. ఆకాశాలనూ విశాలమైన గోడలనూ సమానమైన ఎడంతో గీయడానికి నికొలా-జాక్ కొంతే అనే ఫ్రెంచ్ ఆవిష్కర్త ఒక యంత్రాన్నే తయారుచేశాడు. అంత క్రమబద్ధమైన గీతలు స్క్రీన్‌తో కలిస్తే అలలు రాక మానవు. ఆ సంపుటాల్లోని కర్ణక్ ఆలయపు చిత్రం నకలును ఎప్పుడైనా కొనబోతే స్తంభాలను మెచ్చుకోవడం తర్వాత, ముందు ఆకాశాన్ని చూడండి.

ఇంకొక్క హెచ్చరిక. చిన్న ఫైలును కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌తో పెంచి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. దూరం నుంచి చాలా పదునుగా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఒకదాని మీద ఒకటి వేసిన ఏటవాలు గీతలు వలలా అతుక్కుపోయి ఉంటాయి, రాళ్ల సందుల్లో లేని ఆకులు మొలుస్తాయి. పట్టుకోవడానికి తేలిక దారి చిత్రం అడుగున ఉన్న రాత. అక్షరాల్లా కనిపిస్తూ ఏ భాషకూ చెందని గీతలు అక్కడ ఉంటే ఆ నకలును వదిలేయండి.

పాతకాగితం

అచ్చుగది గారు గీత గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గ్రంథాలయంలోని పాత ముద్రణా చిత్రాలను భద్రపరిచే పని నాది కనుక దానికి ముందరి ప్రశ్న ఒకటి అడుగుతాను. స్కాన్ బాగుందా లేదా అన్నది సరే, దేనిని స్కాన్ చేశారు?

ఒకే పలక నుంచి తీసిన ప్రతులన్నీ ఒకటి కావు. కారాగారాల వరుసనే తీసుకోండి. 1750 ప్రాంతంలో వచ్చిన మొదటి ముద్రణలో 14 పలకలు ఉన్నాయి. అవి తేలికపాటి చేతితో, చిత్తుబొమ్మ వేసినంత వేగంగా, చాలా వెలుతురుతో ఉంటాయి. 1761లో పిరనేసి అవే పలకలను మళ్లీ పనికి తీసుకొని, నీడలను బాగా ముదురు చేసి, గొలుసులు, చక్రాలు, మెట్లు, దూలాలు చేర్చి, మరో 2 పలకలు కలిపి 16గా వెలువరించాడు. ఏడో పలకలోని ఎత్తుడు వంతెన చిత్రాన్ని రెండు ముద్రణల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఇద్దరు మనుషులు వేసినవేమో అనిపిస్తుంది. అమ్మేవారు చాలామంది ఈ తేడా చెప్పరు. మీకు గాలి, వెలుతురు ఉన్న చిత్రం కావాలో, భయపెట్టే చీకటి కావాలో ముందు తేల్చుకొని ఏ ముద్రణ నకలో అడిగి మరీ కొనండి. నాకైతే మొదటిదే ఇష్టం, కానీ గోడ మీద నిలబడేది రెండోదే అని ఒప్పుకోవాలి.

రెండో సంగతి పలక అరుగుదల. రాగి మెత్తని లోహం. సిరా పూసి, అదనపు సిరాను తుడిచి, ప్రెస్సు కిందికి పంపిన ప్రతిసారీ కొద్దికొద్దిగా అరుగుతుంది. ముందుగా పోయేవి లోతులేని గీతలు, అంటే మబ్బులు, దూరపు కట్టడాలు, గోడ మీది పలచని నీడలు. లోతైన నలుపులు మిగిలిపోతాయి కనుక చివరి ప్రతుల్లో చిత్రం నలుపు, తెలుపు ముక్కలుగా విడిపోయి మధ్యస్థమైన ఛాయలు ఎగిరిపోయి ఉంటాయి.

దీనితో 'అసలు పలక నుంచే తీసినది' అన్న మాట బరువెంతో తెలుస్తుంది. ఆ మాట పిరనేసి విషయంలో అబద్ధమే కానక్కరలేదు. 1778లో ఆయన చనిపోయాక కుమారులు ఆ పలకలను పారిస్‌కు తీసుకెళ్లారు, అక్కడ మళ్లీ ముద్రణలు వచ్చాయి. తర్వాత 19వ శతాబ్దం మొదటి సగంలోనే పోప్ ప్రభుత్వం వాటిని కొని రోమ్‌కు చేర్చింది, ఇప్పటికీ అవి అక్కడి ప్రభుత్వ సంస్థ అధీనంలోనే ఉన్నాయి. రాగి మీద విద్యుత్ పద్ధతిలో పలచని ఇనుప పూత వేసి అరుగుదల ఆపే విధానం 19వ శతాబ్దంలో వచ్చాక ఈ పలకల నుంచి ప్రతులు తీయడం చాలాకాలం సాగింది. అందువల్ల నిజంగానే పిరనేసి పలక నుంచి తీసిన, పిరనేసి ఎన్నడూ చూడని ప్రతులు లోకంలో ఎన్నో ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, అరిగిన పలక నుంచి తీసిన ఆలస్యపు ప్రతికంటే, కళాకారుడు బతికుండగా తీసిన మంచి ప్రతికి శ్రద్ధగా చేసిన నకలే ఆయన ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. సేకరణకర్తలు దీనిని ఒప్పుకోరు, వారి లెక్కలు వేరు.

చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రాగి పలక ప్రెస్సు కింద కాగితంలోకి దిగినప్పుడు చిత్రం చుట్టూ దీర్ఘచతురస్రంగా ఒక నొక్కు పడుతుంది. పలక మూలలను కాస్త గుండ్రంగా అరగదీస్తారు కనుక నొక్కు మూలలు కూడా అలాగే ఉంటాయి, అంచున తుడవగా మిగిలిన సిరా మరక సన్నగా కనిపిస్తుంది. లోపలి కాగితం బయటి అంచుకంటే నున్నగా అణిగి ఉంటుంది. దీనినే చూసి మోసపోకూడదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఆఫ్‌సెట్ నకలుకు ఖాళీ దిమ్మతో నొక్కు వేసి అమ్మడం పాత అలవాటే. ఆ నొక్కుకు మూలలు పదునుగా, అంచు మరీ శుభ్రంగా ఉంటాయి. ఫొటోను రాగి పలక మీదికి దించి అచ్చు వేసే ఫొటోగ్రావ్యూర్ నకలుకైతే నొక్కు నిజమైనదే, అది కూడా రాగి పలక నుంచే వస్తుంది. 1870ల చివర్లో కరెల్ క్లీచ్ మెరుగుపరిచిన ఈ పద్ధతిలో గీత లోపల సన్నని రేణువుల్లాంటి గరుకుదనం భూతద్దం కింద కనిపిస్తుంది. అసలు చెక్కుడులో ఆ రేణువులు ఉండవు. ఉలితో చెక్కిన గీత మొదట సన్నగా బయలుదేరి, నడుమ ఉబ్బి, చివర సూదిమొనలా ముగుస్తుంది. ఆమ్లంతో కొరికించిన గీత చివర మొద్దుగా ఆగిపోతుంది. అసలు ప్రతిలో గీత మీది సిరా కాగితం మట్టంకంటే కాస్త పైకి తేలి ఉంటుంది, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే చిన్న గట్టులా కనిపిస్తుంది. ఇంక్‌జెట్‌లో అది రాదు, రాలేదని నకలును తప్పుపట్టనూ కూడదు.

శీర్షికలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో కట్టడాల కళ మీద రాసిన గ్రంథం 1570లో వెనిస్‌లో అచ్చయినప్పుడు అందులోని బొమ్మలు చెక్క దిమ్మలతో వేసినవి. వాటికి రాగి పలక నొక్కు ఉండదు, గీతలు లావుగా, నేరుగా ఉంటాయి. 18వ శతాబ్దంలో లండన్‌లో వాస్తుశిల్పి లియోని, తర్వాత 1738లో మరో వాస్తుశిల్పి ఐజాక్ వేర్ ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులో వెలువరించినప్పుడు బొమ్మలను రాగి మీద కొత్తగా చెక్కించారు. లియోని అయితే తనకు తోచిన మార్పులు కూడా చేశాడు. ఇలాంటి నాజూకు పలకకు నకలు తీసి '1570' అని శీర్షిక పెడితే ఆ అమ్మేవారికి తాము అమ్ముతున్నదేమిటో తెలియదన్న మాట.

నీటిరంగు

ఇద్దరూ గీతల గురించే చెప్పారు కనుక ఒక చిన్న సవరణ. పాత కట్టడాల ముద్రణా చిత్రాలన్నీ గీతల మీద నడవవు. ఇంగ్లీషు చిత్రకారులు థామస్, విలియం డేనియల్‌లు భారతదేశ దృశ్యాలతో 1795 నుంచి 1808 వరకు వెలువరించిన 'ఓరియంటల్ సీనరీ'లోని 144 చిత్రాలు ఆక్వాటింట్లు. ఆ పద్ధతిలో పలక మీద రెసిన్ పొడి చల్లి ఆమ్లంలో ముంచుతారు, సన్నని రేణువుల వల్ల కుంచెతో పూసినట్టు ఛాయ వస్తుంది, దాని మీద చేత్తో నీటిరంగులు వేస్తారు. మహాబలిపురం రథాల చిత్రాన్నో, తాజ్‌మహల్ చిత్రాన్నో నలుపు తెలుపులో అచ్చు వేసి గీతలు ఎందుకు లేవని వెతికితే ఏమీ దొరకదు. ఇలాంటి వాటికి రంగుల ఖచ్చితత్వమే ముఖ్యం. స్కాన్ తీసేటప్పుడు రంగుల పట్టీని పక్కన పెట్టారో లేదో అడగాలి. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. నలుపులోనే వెలువడిన గీతల చిత్రాలకు తరువాతి కాలంలో వ్యాపారులు రంగులు వేయించారు, ఆ రంగులతోనే నకళ్లు వస్తున్నాయి. పిరనేసి దృశ్యానికి నీలి ఆకాశం ఉంటే అది ఆయన వేసినది కాదు.

కాగితపు పసుపు గురించి ఎవరూ చెప్పలేదు. అసలు ప్రతి కాగితానికి ఉన్న లేత వన్నెను ఉంచడం వేరు, కొత్తదానికి ముసలితనం పులమడం వేరు. మొదటిది నాకు సమ్మతమే. రెండోదానిలో చెదల రంధ్రాలను కూడా అచ్చు వేస్తారు, అంతకంటే హాస్యాస్పదమైనది ఇంకొకటి లేదు.

గోడబొమ్మ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాతకాగితం గారు చెప్పాక వెతికితే, కొన్ని మ్యూజియంలు పెద్ద ఫైళ్లను ఉచితంగానే ఇస్తున్నాయని తెలిసింది. అలాంటప్పుడు కొనడం మాని నేనే అచ్చు వేయించుకుంటే చట్టపరంగా చిక్కు ఏమైనా ఉంటుందా? రోమ్ దృశ్యాల ఫైళ్లలో చిత్రం అడుగున చాలా రాత ఉంది, చుట్టూ ఖాళీ అంచు కూడా ఉంది. ఫ్రేము సులభంగా దొరికే కొలతకు రావాలంటే ఆ అంచునూ రాతనూ కత్తిరించవలసి వస్తోంది. కొన్ని ఫైళ్లలో మధ్యలో నిలువుగా మడత గుర్తు ఉంది, దానిని చెరిపించాలా? గది కిటికీకి ఎదురుగానే ఆ గోడ ఉంది, అది కూడా చెప్పడం మరిచాను.

పాతకాగితం

చిత్రకారుడు చనిపోయి రెండున్నర శతాబ్దాలు కావస్తోంది, చిత్రం మీద ఎవరికీ హక్కు లేదు. ప్రశ్న వచ్చేది ఫొటో మీద. సమతలంగా ఉన్న పాత చిత్రానికి ఉన్నది ఉన్నట్టుగా తీసిన ఫొటోలో కొత్త సృజన లేదు కనుక దానికి కాపీరైటు రాదని 1999లో బ్రిడ్జ్‌మన్, కోరెల్ సంస్థల వ్యాజ్యంలో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఐరోపా సమాఖ్య 2019 నాటి కాపీరైటు ఆదేశంలోని 14వ అధికరణం కూడా ఇదే దారిలో ఉంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి ఇలాంటి చిత్రాలను ఏ షరతూ లేకుండా వాడుకోనిస్తోంది. అన్ని సంస్థల నిబంధనలూ ఒకటి కావు కాబట్టి ఫైలు పక్కనే రాసి ఉన్న షరతును చదివాకే దింపుకోండి.

రాతను మాత్రం దయచేసి కత్తిరించకండి. పిరనేసి రోమ్ దృశ్యాల్లో చాలావాటికి అడుగున శీర్షికతో పాటు వివరణ పట్టిక ఉంటుంది. చిత్రంలోని స్తంభం మీదో గోపురం పక్కనో కనిపించే చిన్న అక్షరానికి అర్థం ఆ పట్టికలోనే దొరుకుతుంది. పట్టిక పోతే ఆ అక్షరాలు కట్టడం మీద పడ్డ మచ్చల్లా మిగిలిపోతాయి. ఇతరుల పలకల్లో ఎడమ మూల గీసినవారి పేరు, కుడి మూల చెక్కినవారి పేరు ఉండటం ఆనవాయితీ, అది పోతే సగం చరిత్ర పోయినట్టే. నేలపటాలకూ కొలతల చిత్రాలకూ అయితే అడుగున ఉండే కొలత పట్టీ చిత్రంలో భాగమే. చిత్రాన్ని పెంచినా తగ్గించినా ఆ పట్టీ కూడా అదే నిష్పత్తిలో మారుతుంది కనుక దానిని బట్టి కట్టడం కొలతలు ఎప్పుడైనా లెక్క కట్టవచ్చు. ఫ్రేమును చిత్రానికి తగ్గట్టు చేయించాలి గానీ చిత్రాన్ని ఫ్రేముకు తగ్గట్టు కోయకూడదు.

మడత గుర్తు విషయంలో నా మాట ఇది. పలక పుస్తకంలో కుట్టి ఉన్నది కనుక ఆ మడత పడింది. అది నీడగా పడి గీతలను కప్పేస్తుంటే నీడను మాత్రం తగ్గించమనండి. గీతలు తెగిన చోట కొత్త గీతలు కలపనివ్వకండి. అవకాశం ఉంటే విడి కాగితంగా భద్రపరిచిన ఇంకో ప్రతి ఫైలును వెతకడం అన్నిటికంటే మంచిది, ఒకే చిత్రానికి వేరువేరు మ్యూజియంల్లో ప్రతులు ఉంటాయి.

అచ్చుగది

అచ్చు వేయించేటప్పుడు చెప్పవలసిన మాటలు కొన్ని. మొత్తం చిత్రాన్ని ఒకేసారి అచ్చు వేయించకుండా ముందుగా అరచేతి వెడల్పు ముక్కను అసలు పరిమాణంలో వేయించి చూడండి. ఆ ముక్క బాగా నీడ ఉన్న చోటిదై ఉండాలి, ఆకాశంలోదైతే ఏమీ తేలదు. ఫైలుకు పదును పెంచే అమరికను ఆపేయమనండి, లేకపోతే ప్రతి గీతకూ ఇరువైపులా తెల్లని గీర వస్తుంది. నలుపు తెలుపు రెండే విలువలకు మార్చడం కూడా వద్దు, సన్నని గీతలు అక్కడక్కడా తెగిపోతాయి. కాగితం నూటికి నూరుపాళ్లు పత్తితో చేసినది, మెరుపు లేనిది తీసుకోండి. ఆప్టికల్ బ్రైటెనర్లు (కాగితాన్ని మరింత తెల్లగా చూపే రసాయనాలు) లేని కాగితమే కావాలని అడగండి. అవి ఉన్న కాగితం అతినీలలోహిత (యూవీ) దీపం కింద నీలంగా వెలుగుతుంది, కొన్నేళ్లకు ఆ తెలుపు పోయి వన్నె మారుతుంది.

కిటికీకి ఎదురుగోడ మంచి చోటు కాదు. కాగితం మీది కళాకృతులకు మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వవు. నకలుకు అంత కట్టడి అవసరం లేదు గానీ ఎండ నేరుగా పడే చోట పిగ్మెంట్ సిరా అయినా, పత్తి కాగితం అయినా నిలవవు. పక్కగోడకు మార్చండి, వీలుకాకపోతే అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు వేయించండి. గాజు చిత్రానికి నేరుగా అంటుకోకుండా ఆమ్లం లేని మౌంట్ బోర్డును మధ్యలో పెట్టించండి, ఆ బోర్డులో చిత్రం కనిపించేలా కోసే కిటికీలాంటి ఖాళీ పలక అంచుకంటే వేలెడు వెలుపలికి ఉంటే పాతకాగితం గారు చెప్పిన రాత మొత్తం కనిపిస్తుంది. ఫ్రేము కట్టేవారు చిత్రాన్ని బోర్డుకు జిగురుతో పూర్తిగా అంటిస్తామంటే ఒప్పుకోకండి, పై అంచున రెండు చోట్ల కాగితపు పట్టీలతో వేలాడదీస్తే చాలు.